నమ్మదగిన లెక్క: గ్రంథాలయ పట్టికకు డేటాబేసు నెన్నుకొనుట

(రజతోత్సవ సభలో చదువబడిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయమునకు ఆస్తులు రెండు. మొదటిది పుస్తకములు, రెండవది ఆ పుస్తకముల లెక్క. మొదటిది అందరికిని కనబడును. రెండవది ఎవరికిని కనబడదు. అయినను బీరువాలో నున్న పుస్తకము పట్టికలో లేకున్న యెడల అది చదువరికి లేనట్లే యగును. పట్టికలో నుండి బీరువాలో లేనిచో అది తగవునకు మూలమగును. ఏ గ్రంథాలయమైనను ఇరువదియైదేండ్లు నిలిచినదన్నచో, ఏ పుస్తకము ఎవరియొద్ద నున్నదో చెప్పగలుగుట వలననే నిలిచినది.

ఈ లెక్క ఇప్పుడు కాగితపు పొత్తమునుండి అంతర్జాలమునకు పోవుచున్నది. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలనుండి బ్రతుకుతెరువునకై విశాఖకును, హైదరాబాదునకును, చెన్నపట్టణమునకును, గల్ఫు దేశములకును పోయినవారు వేలకొలది యున్నారు. పండుగకు ఊరు వచ్చు ముందే, తమకు కావలసిన పుస్తకము గ్రంథాలయములో నున్నదో లేదో ఫోనులో చూచుకొనవలెనని వారు కోరుట న్యాయమే. అట్టి పట్టికను వెబ్ అప్లికేషను అందురు. దాని ముఖము తెరమీద కనబడు పుట. దాని గర్భము లెక్కలు దాచు పొత్తము; దానికే డేటాబేసు అని పేరు, దత్తాంశ నిధి యనియు నందురు. ముఖమునకు రంగు మార్చుట ఒక పూట పని. గర్భములోని పొత్తమును మార్చుట, ఇల్లు నిలిచియుండగా పునాది మార్చుట వంటిది. కావున మొదట నెన్నుకొనునప్పుడే నిదానించి ఎన్నుకొనవలెను.

ఈ పనికి నిదర్శనము దూరమున వెదక నక్కరలేదు. శ్రీకాకుళములోని కథానిలయము కలదు. మురపాకలో 1924 నవంబరు 9న జన్మించిన కాళీపట్నం రామారావు మాస్టారు, తెలుగు కథలన్నియు ఒక్కచోట దొరకవలెనను సంకల్పముతో 1997 ఫిబ్రవరి 22న దానిని స్థాపించిరి. 1995లో తమకు లభించిన కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కార ధనమును అందులకు వినియోగించిరి. పాత పత్రికలు, సంపుటములు, సంకలనములు ఓపికతో వెదకి తెప్పించిరి. 2021 జూన్ 4న వారు గతించిరి. కథానిలయము నిలిచినది, దాని కథల పట్టిక అంతర్జాలమునకు నెక్కినది. కథ పేరు తెలిసినవారు కథ పేరుతోను, రచయిత తెలిసినవారు రచయిత పేరుతోను, పత్రిక తెలిసినవారు పత్రిక పేరుతోను అందులో వెదకవచ్చును.

ఇట్టి పట్టికను కట్టుట చూపునకు సులభము, చేతకు కఠినము. ఒక కథ మొదట వారపత్రికలో వచ్చును. పిదప రచయిత సంపుటములో చేరును. మరి కొన్నేండ్లకు వేరొకరి సంకలనములో చేరును. కథ ఒక్కటే, అచ్చులు మూడు. రచయితల సంగతియు నట్టిదే. చాసో అన్నను చాగంటి సోమయాజులన్నను మనిషి ఒక్కరే. రావిశాస్త్రి యన్నను రాచకొండ విశ్వనాథశాస్త్రి యన్నను ఒక్కరే. వచ్చినది వచ్చినట్లు ఒకే చిట్టాలో వ్రాసికొనిపోయినచో ఒక మనిషి ఇద్దరగును, ఒక కథ మూడగును.

దీనికి ఉపాయము గ్రామలెక్క లెరిగినవారికి క్రొత్త కాదు. అడంగలు సర్వే నంబరు వరుసను నడచును. 1-బి పట్టాదారు ఖాతా వరుసను నడచును. రెంటిని కలుపునది అంకె గాని పేరు కాదు. ఏలయన ఒక్క ఊరిలోనే అప్పలనాయుళ్లు నలుగురును, సూర్యనారాయణలు ముగ్గురును ఉందురు. పేరును నమ్మిన లెక్క తప్పును. అంకెను నమ్మిన లెక్క నిలుచును. ఈ న్యాయమునే 1970లో ఐబిఎం సంస్థలో పనిచేయుచుండిన ఎడ్గర్ కాడ్ అను గణితజ్ఞుడు కంప్యూటరు లెక్కలకు శాస్త్రముగా చెప్పెను. రచయితల కొక పట్టిక, కథల కొక పట్టిక, పత్రికల కొక పట్టిక, అచ్చుల కొక పట్టిక. ప్రతి వరుసకు ఒక అంకె. పట్టికకు పట్టికకు సంబంధము ఆ అంకెలతోనే. ఆ పద్ధతి ననుసరించు వానిని సంబంధ డేటాబేసులందురు. 1981లో ఆయనకు కంప్యూటరు శాస్త్రమున మిక్కిలి గౌరవనీయమైన ట్యూరింగు పురస్కారము లభించెను.

ఇందులో మరియొక నీతి కలదు. విజయనగరవాసి గురజాడ అప్పారావుగారి 'దిద్దుబాటు' 1910లో వచ్చినది. తెలుగున మొదటి ఆధునిక కథ అదియే యని చాలకాలము చెప్పుకొనిరి. భండారు అచ్చమాంబగారి 'ధనత్రయోదశి' 1902లోనే వచ్చినదని పిదప పరిశోధకులు చూపిరి. వాదము మాట అటుంచి, పట్టిక కట్టువాడు నేర్చుకొనవలసినది ఒకటి. 'మొదటి కథ' అని ఒక గడిలో వ్రాసి యుంచరాదు. అచ్చైన సంవత్సరము మాత్రము వ్రాయవలెను. సంవత్సరముల వరుసను అడిగినప్పుడు మొదటిది ఏదో పట్టికయే చెప్పును. రేపు అంతకు ముందటి కథ దొరికినచో ఒక్క వరుస చేర్చిన చాలును, తక్కినది దానంతట అదే సరిపడును. పొత్తములో జరిగినదానిని వ్రాయవలెను, తీర్పును వ్రాయరాదు.

ఇక నమ్మకము మాట. డేటాబేసు నమ్మదగినదనుటకు పరీక్ష ఏమి? ఒక తండ్రి పేర 3 ఎకరముల 20 సెంట్ల భూమి కలదనుకొనుడు. ఇద్దరు కుమారులకు చెరి 1 ఎకరము 60 సెంట్లుగా పంపకమైనది. లెక్కలో మూడు మార్పులు జరుగవలెను: తండ్రి ఖాతాలో తీసివేత, పెద్దవాని ఖాతాలో చేర్పు, చిన్నవాని ఖాతాలో చేర్పు. రెండవది ముగిసి మూడవది మొదలుకాక మునుపే కరెంటు పోయినది. చిన్నవాని భూమి ఏమైనది? నేలమీద నున్నది, లెక్కలో లేదు. ఇక వాని కాళ్లరుగు దాక కచేరి చుట్టు తిరుగవలసినదే. ఆంధ్రప్రదేశమున భూమి లెక్కలను 2015 నుండి 'మీ భూమి' పేర అంతర్జాలములో చూచుకొను వీలు కలిగినది గనుక ఈ ప్రశ్న ప్రతి రైతుకును సంబంధించినదే.

ఈ మూడు మార్పులును కలిసి ఒక లావాదేవి. జరిగిన మూడును జరుగవలెను; లేనిచో ఒక్కటియు జరుగనట్లుండవలెను. ఈ భావమును పెంచి పోషించినవారిలో జిమ్ గ్రే ముఖ్యుడు; 1998లో ఆయనకును ట్యూరింగు పురస్కారము వచ్చెను. 1983లో థియో హెర్డర్, ఆండ్రియాస్ రాయిటర్ అను ఇద్దరు జర్మను పండితులు నమ్మదగిన లావాదేవికి నాలుగు లక్షణములు నిర్ణయించిరి. వాని ఆంగ్ల నామముల మొదటి అక్షరములను కూర్చి 'ఆసిడ్' అని పిలిచెదరు.

మొదటిది అవిభాజ్యత, భూమి పంపకములో చెప్పినది ఇదియే. రెండవది సంగతత్వము. సభ్యుల పట్టికలో లేనివాని పేర పుస్తకము వ్రాయబోయినను, పుస్తకములు తిరిగి యీయని సభ్యుని పేరు కొట్టివేయబోయినను పొత్తమే నిరాకరింపవలెను. వ్రాయువాని జ్ఞాపకమునకు ఆ భారము విడువరాదు. మూడవది వివిక్తత. ఒక్క ప్రతియే యున్న పుస్తకమును బల్లవద్ద ఒకరు, ఫోనులో మరియొకరు ఒక్క క్షణముననే కోరినను ఒక్కరికే దక్కవలెను. రెండవవారికి 'లేదు' అను జవాబు పోవలెను. నాల్గవది స్థిరత్వము. 'వ్రాసితిని' అని పొత్తము ఒకసారి పలికిన పిదప, మరుక్షణము దీపమారినను ఆ వ్రాత చెరగరాదు.

ఈ నాల్గవదానిని సాధించు ఉపాయము సంతలోని షావుకారు కెరుకే. బేరము జరిగిన వెంటనే ఆయన చిట్టాలో వ్రాయును. తీరిక దొరికినప్పుడు దానిని ఆవర్జాలో ఖాతావారీగా ఎక్కించును. ఆవర్జా తడిసినను చిట్టా యున్నచో మరల కట్టవచ్చును. మంచి డేటాబేసు చేయు పనియు నిదియే. జరుగబోవు మార్పును ముందు చిట్టాలో వ్రాసి, అది డిస్కుమీద నిలిచినదని నిశ్చయించుకొని, పిదపనే 'అయినది' అని పలుకును. నడుమ కరెంటు పోయి తిరిగి వచ్చినచో చిట్టాను చదువుకొని, పూర్తియైనవానిని ఎక్కించి, సగములో నిలిచినవానిని తీసివేయును.

ఈ లక్షణములతో నేడు ప్రచారములో నున్నవానిని పరీక్షింపవచ్చును.

పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనునది 1986లో అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయమున మైకేల్ స్టోన్‌బ్రేకర్ నాయకత్వమున ఆరంభమై, 1996లో ఈ పేరు దాల్చినది. ఏ ఒక్క కంపెనీ సొత్తును కాదు, వెల లేదు. నియమములు విధించుటలో మిక్కిలి కచ్చితమైనది. తప్పు వ్రాతను సులభముగా లోనికి రానీయదు. 2018లో దీని నిర్మాతలకు ఒక చిక్కు తెలియవచ్చెను. డిస్కుమీద వ్రాత విఫలమైన సంగతిని కంప్యూటరు ఒకసారి చెప్పి, మరల అడిగినప్పుడు అంతయు సరిగానే యున్నదని పలుకు సందర్భములున్నవి. వారు దానిని దాచలేదు. బహిరంగముగా చర్చించి, 2019 ఫిబ్రవరిలో విడుదల చేసిన సంపుటములలో దిద్దిరి. అట్టి వైఫల్యము కలిగినచో ఇప్పుడది తనకు తానుగా ఆగిపోయి, చిట్టానుండి లెక్కను మరల కట్టుకొనును. అనుమానమున్నప్పుడు ముందుకు సాగక ఆగుట మంచి లెక్కరి లక్షణము. భారత ప్రభుత్వపు నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటర్ వారు గ్రంథాలయములకై తయారుచేసిన 'ఈ-గ్రంథాలయ' పూర్వము మైక్రోసాఫ్టు వారి డేటాబేసుపై నడచెడిది; దాని నాల్గవ సంపుటము పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ పై నడచుచున్నది.

మైఎస్‌క్యూఎల్ 1995లో స్వీడను దేశమున పుట్టినది. వేగమునకు పేరుపొందినది. కాని దాని పాత దాపు పద్ధతియగు 'మైఐశామ్'లో లావాదేవి లేదు. భూమి పంపకము నడుమ కరెంటు పోయినచో సగము పనియే మిగులును. 2010లో వచ్చిన 5.5 సంపుటము నుండి లావాదేవులు గల 'ఇన్నోడిబి' దాని సహజ పద్ధతియైనది. ఆ యేటనే అది ఒరాకిల్ సంస్థ చేతికి పోయెను. మూలకర్త మైకేల్ విడెనియస్ 2009లోనే దాని శాఖగా మరియాడిబి నారంభించెను. న్యూజీలండులోని హొరొవెనువా గ్రంథాలయమునకై నిర్మింపబడి 2000 సంవత్సరారంభమున పనికివచ్చిన 'కోహా' అను గ్రంథాలయ సాఫ్ట్‌వేరు ఈ వంశముపైననే నడచుచున్నది. మావోరీ భాషలో కోహా అనగా కానుక. నేడు మైఎస్‌క్యూఎల్, మరియాడిబి రెండును నమ్మదగినవే; పట్టికలన్నియు ఇన్నోడిబిలో నున్నవో లేవో ఒకసారి చూచుకొనిన చాలును.

ఎస్‌క్యూలైట్ 2000లో రిచర్డ్ హిప్ వ్రాసినది. దీనికి సర్వరు అక్కరలేదు. లెక్క అంతయు ఒక్క ఫైలులో నుండును. చేతి ఫోనులలో లోలోపల పనిచేయుచున్నది ఇదియే. లావాదేవులు పూర్తిగా పాటించును. అయితే ఒక వేళ ఒక్కరే వ్రాయగలరు. పట్టికల నడుమ సంబంధము చెడకుండ కాచు నియమము అడిగినగాని అమలు కాదు. అంకె యుండవలసిన గడిలో అక్షరములు వ్రాసినను సామాన్యముగా ఊరకుండును. ఒక బల్ల, ఒక గ్రంథపాలకుడు గల చోట ఇది చాలును. పదిమంది పది యూళ్లనుండి వ్రాయు చోట చాలదు.

పట్టికలు లేక పత్రములవలె దాచు మాంగోడిబి 2009లో వచ్చెను. ఆరంభములో 2012 చివరివరకు, వ్రాత చేరినదో లేదో జవాబు వినకయే ముందుకు సాగుట దానికి అలవాటుగా నుండెను. పలు పత్రములను కలుపు లావాదేవి 2018లో వచ్చినది. ఇప్పుడది బాగుపడినది, ఏ రెండును ఒక రూపమున లేని సామగ్రికి తగినదే. కాని పుస్తకము, సభ్యుడు, ఇచ్చిన తేదీ, తెచ్చిన తేదీ అను లెక్క మొదటినుండియు పట్టికల లెక్కయే. కావడిలో మోయదగిన నీటికి గోనెసంచి వెదకనేల?

కావున తీర్పు సులభము. ఊరిలో ఒక్క బల్లకు పరిమితమైన లెక్కకు ఎస్‌క్యూలైట్ చాలును. అంతర్జాలములో పలువురు చూచి, పలువురు వ్రాయు పట్టికకు పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ ఉత్తమము. చేతిలో నున్న సాఫ్ట్‌వేరు మరియాడిబిని కోరినచో దానిని విడిచి పరుగెత్త నక్కరలేదు. వేగమును చూచి మాత్రము ఎన్నుకొనరాదు. ఇరువదివేల పుస్తకముల గ్రంథాలయమునకు ఇవన్నియు రెప్పపాటులోనే జవాబు చెప్పగలవు.

తెలుగు లిపి మాట కూడ చెప్పవలెను. 1991లో వెలువడిన యూనికోడు మొదటి సంపుటములోనే తెలుగునకు స్థానము కలదు. అయినను అచ్చుపని కొరకు వచ్చిన పాత ఫాంటులలో టైపు చేసిన పట్టికలు పెక్కు. అవి కాగితముమీద అందముగా నుండును. డేటాబేసులో వేసినచో అర్థములేని గుర్తులగును, వెదకినను దొరకవు. అట్టివానిని ముందు యూనికోడునకు మార్చి పిదప ఎక్కింపవలెను. మైఎస్‌క్యూఎల్ లోనైనచో 'యుటిఎఫ్8ఎంబి4' అను లిపి పద్ధతిని ఎన్నుకొనవలెను. దానిలోని పాత 'యుటిఎఫ్8'లో తెలుగు అక్షరములు ఇమిడినను, నాలుగు బైట్లు కావలసిన గుర్తులు ఇమడవు.

ఇంతవరకు చెప్పినదంతయు పొత్తమును గూర్చి. పొత్తము ఎంత మంచిదైనను ఇల్లు కాలినచో కాలును. ఈ జిల్లాలవారికి సముద్రము సంగతి చెప్పనక్కరలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ తీరమును దాటెను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస చేరువను తీరము దాటి ఉద్దానము కొబ్బరితోటలను నేలకూల్చెను. రోజుల తరబడి కరెంటు లేదు. అట్టి రాత్రి గ్రంథాలయపు కంప్యూటరు తడిసినచో ఆసిడ్ లక్షణములు నాలుగును దానితోనే మునుగును. అందువలన రెండవ ప్రతి తీరమునకు దూరముగా వేరొక యూరిలో నుండవలెను.

రెండవ ప్రతి యుండిన చాలునా? 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అను సాఫ్ట్‌వేరు సంస్థలో ఒక ఇంజనీరు ఒక సర్వరనుకొని మరియొక సర్వరులోని లెక్కను చెరిపివేసెను. వారు వాడుచుండినది పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ యే. ప్రతులు తీయు ఏర్పాట్లు ఐదు విధములుగా నున్నవనుకొనిరి. వెదకి చూడగా వానిలో ఏదియు సరిగా అక్కరకు రాలేదు. ఆరుగంటల ముందు వేరొక పనికై తీసిన ప్రతి ఒకటి దొరకుటచే సంస్థ బ్రతికినది. ఆ నడిమి ఆరుగంటల లెక్క మాత్రము పోయినది. ఆ సంగతిని వారు దాచక లోకమునకు వెల్లడించిరి. తెరచి చూడని ప్రతి, గింజ పోసి చూడని గాదె వంటిది. ఎలుక త్రోవ చేసినదో లేదో అక్కర వచ్చినప్పుడే తెలియును.

పూర్వులకు ఈ జాగ్రత్త తెలియును. సి. పి. బ్రౌను దొర 19వ శతాబ్దమున తెలుగు తాళపత్రములను పలుచోట్లనుండి తెప్పించి, పండితులచేత ఒకదానితో నొకటి పోల్చించి, శుద్ధప్రతులు వ్రాయించెను. ప్రతులు పెక్కుండుటచే గ్రంథము బ్రతికినది. వానిని పోల్చి చూచుటచే పాఠము శుద్ధమైనది. డేటాబేసు విషయమునను ఈ రెండు పనులును వేరువేరుగా చేయవలెను.

కావున గ్రంథాలయ కార్యవర్గము, పట్టిక కట్టించువానిని ఈ ఐదు ప్రశ్నలు అడుగవలెను. ఒకటి: నడుమ కరెంటు పోయినచో సగము వ్రాత మిగులునా? రెండు: లేని సభ్యునికి పుస్తకము వ్రాయబోయినచో అది నిరాకరించునా? మూడు: ఎవరు, ఎప్పుడు, ఏమి మార్చిరో తెలియునా? నాలుగు: లెక్క అంతయు సాదా వరుసలుగా బయటికి తీసి వేరొక చోటికి కొనిపోవచ్చునా? ఐదు: రెండవ ప్రతినుండి లెక్కను మరల నిలబెట్టి చూపగలవా? ఐదవ ప్రశ్నకు మాటతో జవాబు చాలదు. కన్నులయెదుట చేసి చూపింపవలెను. మూడు నెలల కొకసారి వేరొక కంప్యూటరులో ప్రతిని తెరచి, చేతివ్రాత పుస్తక దాఖలా పొత్తములోని పది పద్దులతో సరిచూడవలెను. ఆ పని ఒక పూటది.

మరియొక మాట. పట్టిక కట్టిన విద్యార్థి చదువు ముగించి ఉద్యోగమునకై నగరమునకు పోవును, పోవుట మంచిదే. కాని తాళము వానితో పోరాదు. డేటాబేసు పేరేమి, ఏ సంపుటము, ఎక్కడ నున్నది, ప్రతులు ఎక్కడ, మరల నిలబెట్టు విధమేమి — ఇవి తెలుగులో ఒక కాగితముమీద వ్రాయించి కార్యదర్శి బీరువాలో నుంచవలెను. రహస్య సంకేతములను ముద్రవేసిన కవరులో వేరుగా నుంచవలెను. రాజాములోను, టెక్కలిలోను, విజయనగరములోను ఇంజనీరింగు కళాశాలలు కలవు. ఆ కాగితమున్నచో తరువాతి విద్యార్థి వచ్చి పని నందుకొనగలడు.

శ్రీకూర్మ దేవాలయ స్తంభములమీది శాసనములు శతాబ్దములనుండి నిలిచియున్నవి. రాతికి ఓర్పు కలదు. కాని రాతిలో వెదకుట కష్టము, దిద్దుట అసాధ్యము. డేటాబేసులో వెదకుట సులభము, దిద్దుట సులభము. ఓర్పు మాత్రము దానికి సహజముగా లేదు. ఆ ఓర్పును మనుష్యులే చేకూర్చవలెను: మంచి పొత్తము నెన్నుకొని, ప్రతులు తీసి, ప్రతులను పరీక్షించి.

రజతోత్సవము జరుపుకొనుచున్న ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము నాటికి ఎన్ని పుస్తకములను చేర్చుకొనునో ఆ కాలపు సభ్యులు లెక్కించుకొందురు. వారు ఏ పుట తెరచినను నేటి లెక్క చెక్కుచెదరక కనబడు గాక.